వర్ణవివక్ష కాలపు డర్బన్‌లో లెస్బియన్‌గా పెరగడం: నవల మొదలుపెట్టేముందు తేల్చుకోవాల్సిన సంగతులు

మీరు అడిగింది ఇది: 1955లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన అమ్మాయి 1976లో ఒక తెల్ల అమ్మాయిని ప్రేమిస్తుంది. ఇద్దరూ ఒక ఫ్లాట్‌లో పోలీసులకి దొరుకుతారు, ఇమ్మోరాలిటీ యాక్ట్ కింద జైలుకి వెళ్తారు. ఈ కథ నిలుస్తుందా, ఆ అమ్మాయి ఎలా పెరిగి ఉంటుంది?

ప్రేమ నిలుస్తుంది. అరెస్టు నిలవదు. ఆ అరెస్టు ఎందుకు నిలవదో అర్థమైతే ఆ అమ్మాయి బాల్యం ఎలాంటిదో కూడా సగం తెలిసిపోతుంది, అందుకని ముందు దాని సంగతే చూద్దాం.

1927లో వచ్చిన ఇమ్మోరాలిటీ యాక్ట్ తెల్లవాళ్ళకీ ఆఫ్రికన్లకీ మధ్య పెళ్ళి బయటి లైంగిక సంబంధాన్ని నిషేధించింది. 1950 సవరణతో కలర్డ్ (మిశ్రమ జాతి) వాళ్ళూ, ఇండియన్లూ కూడా దాని కిందికి వచ్చారు. 1957లో చట్టాన్ని తిరగరాసినప్పుడు ఈ నిషేధం 16వ సెక్షన్‌లో చేరింది. శిక్ష ఏడేళ్ళ దాకా వేయొచ్చు. అయితే ఆ సెక్షన్ మాట్లాడేది ఆడ, మగ మధ్య సంబంధం గురించే. ఇద్దరు ఆడవాళ్ళ మీద దాన్ని మోపడానికి వీల్లేదు. సొడమీ (మగవాళ్ళ మధ్య గుద సంభోగం) నేరం కూడా మగవాళ్ళకే వర్తించేది. 1966 జనవరిలో జొహానెస్‌బర్గ్‌లోని ఫారెస్ట్ టౌన్‌లో ఒక ఇంటి పార్టీ మీద పోలీసులు దాడి చేశాక పార్లమెంటు కమిటీ వేసింది. ఆడవాళ్ళని కూడా చట్టంలోకి లాగాలన్న ఆలోచన అప్పుడు వచ్చింది కానీ, 1969లో చివరికి వచ్చిన సవరణలో నేరస్థులుగా మిగిలింది మగవాళ్ళే. ఇద్దరికంటే ఎక్కువమంది ఉన్నచోట మగవాళ్ళ మధ్య జరిగే లైంగిక చర్య ఏదైనా నేరమని 20ఎ సెక్షన్ చెప్పింది. ఆడవాళ్ళ మధ్య సంబంధం నేరుగా చట్టంలోకి వచ్చింది 1988లో. 19 ఏళ్ళలోపు అమ్మాయితో మరో స్త్రీ లైంగిక చర్య జరిపితే నేరమన్నారు, అదే ఆడ-మగ సంబంధానికి 16 ఏళ్ళు చాలు. ఆ తేడా రాజ్యాంగ విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం 2008లో గెల్డెన్‌హైస్ కేసులో తేల్చింది.

కాబట్టి 1976లో మీ ఇద్దరమ్మాయిల మంచం జోలికి ఏ చట్టమూ రాదు. వాళ్ళని వెంటాడేవి పడక గదితో సంబంధం లేనట్టు కనిపించే చట్టాలు: ఎవరు ఏ వీధిలో ఉండాలి, ఎవరి పేరు మీద ఇల్లు ఇస్తారు, ఊళ్ళో ఉండే హక్కు ఎవరి ద్వారా వస్తుంది, ఏ రైలు పెట్టె ఎక్కాలి. ఆ దేశంలో లెస్బియన్‌గా పెరగడం ఎలా ఉండేదో ఒక్క మాటలో చెప్పమంటే, చిరునామాని బట్టి ఉండేదని చెప్తాను. 1950 నాటి పాపులేషన్ రిజిస్ట్రేషన్ యాక్ట్ పుట్టగానే బిడ్డని ఒక జాతి కింద రాసేది. మిగతా జీవితమంతా ఆ రాతని బట్టే నడిచేది.

దీన్ని పెళ్ళికాని ఆడదాని కోణం నుంచి చూడండి. తెల్ల అమ్మాయికి 21 నిండి, పెళ్ళి కాకపోతే పూర్తి చట్టపరమైన హక్కులుండేవి. జీతం ఉంటే తన పేరు మీదే ఫ్లాట్ అద్దెకి తీసుకోవచ్చు. సాధారణంగా పెళ్ళయితేనే ఆ హక్కులు భర్త చేతికి పోయేవి. ఆ భర్త అధికారాన్ని కొత్త పెళ్ళిళ్ళకి రద్దు చేసింది 1984 చట్టం. అంటే తెల్ల లెస్బియన్‌కి పెళ్ళి చేసుకోకపోవడం వల్ల చర్చిలో, ఇంట్లో మాటలు పడాల్సి వచ్చినా చట్టం దృష్టిలో లాభమే. ఆఫ్రికన్ అమ్మాయికి ఇది పూర్తిగా తలకిందులు. నగరంలో 72 గంటలకి మించి ఉండాలంటే అర్బన్ ఏరియాస్ చట్టంలోని 10వ సెక్షన్ కింద అర్హత కావాలి. అక్కడే పుట్టి ఎడతెగకుండా అక్కడే ఉండాలి, లేదా ఒకే యజమాని దగ్గర పదేళ్ళు పనిచేసి ఉండాలి, లేదా పదిహేనేళ్ళు చట్టబద్ధంగా నివసించి ఉండాలి. ఇవేవీ లేకపోతే అర్హత ఉన్న మగవాడికి భార్యగానో, పెళ్ళికాని కూతురిగానో ఉండాలి, లేదా పని కోసం అధికారుల అనుమతి తెచ్చుకోవాలి. పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒక ఆడమనిషికి తోడుగా నగరంలో ఉండిపోవడానికి ఆ జాబితాలో దారే లేదు. టౌన్‌షిప్ (నగరం అంచున ఆఫ్రికన్లకి కేటాయించిన వాడ) ఇళ్ళు కుటుంబమున్న మగవాళ్ళ పేరు మీద ఇచ్చేవాళ్ళు. ఒంటరి ఆడది మరొకరి ఇంట్లో లాడ్జర్ పర్మిట్ మీద ఉండాలి, లేదా తెల్లవాళ్ళ పెరట్లో పనివాళ్ళ గదిలో ఉండాలి, లేదా ఆడవాళ్ళ హాస్టల్‌కి పోవాలి. తెల్లవారుజామున తలుపులు కొట్టి పర్మిట్లు అడిగే దాడులు మామూలు. డర్బన్ ఉన్న నటాల్ ప్రావిన్స్‌లో అయితే నేటివ్ లా కోడ్ ప్రకారం ఆఫ్రికన్ స్త్రీ వయసు ఎంతైనా చట్టం దృష్టిలో మైనరే. 1956 ఆగస్టు 9న దాదాపు 20,000 మంది స్త్రీలు పాసులకి (ఆఫ్రికన్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పుస్తకాలకి) వ్యతిరేకంగా ప్రిటోరియాలోని యూనియన్ బిల్డింగ్స్‌కి ఊరేగింపుగా వెళ్ళింది ఈ బతుకు మీద కోపంతోనే. పాసుల చట్టాలు 1986లో గానీ పోలేదు.

అందుకే ఆ రోజుల్లో ఎందరో ఆఫ్రికన్ లెస్బియన్లు పెళ్ళి చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. దాన్ని పిరికితనంగానో, తమని తాము తెలుసుకోలేకపోవడంగానో రాయకండి. భర్త పేరుతో వచ్చిన ఇల్లే వాళ్ళకి నగరంలో నిలవనీడ.

కలర్డ్ సమాజం గురించి క్లుప్తంగా చెప్తాను, మీ కథకి అది పక్కదారి. కేప్ టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటని 1966 ఫిబ్రవరి 11న తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించారు. 60,000 మందికి పైగా జనాన్ని ఊరి బయటి కేప్ ఫ్లాట్స్‌కి తరలించారు. అక్కడ ఆడవేషం కట్టే మగవాళ్ళకి వీధిలో ఒక గుర్తింపు, వెక్కిరింతతోనే అయినా, ఉండేది. ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళకి అలాంటి బహిరంగ చోటు లేదు.

ఇక మీ అమ్మాయి దగ్గరికి వద్దాం. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలని తెచ్చింది. 1911 వరకు ఒప్పంద కూలీలుగా నటాల్ వచ్చినవాళ్ళు సుమారు 1,52,000 మంది. వాళ్ళలో ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళున్నారు. 1931లో వాళ్ళు డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1955లో పుట్టిన అమ్మాయి అవ్వ మాట్లాడే తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు ఇంగ్లీషులో చెప్తుంది. మీరు పంపిన నమూనా అధ్యాయంలో ఆమె ప్రేయసితో తెలుగు పద్యం చెప్తుంది. అది తీసేయండి. ఆమెకి తెలుగు అంటే వంటిల్లు, పూజ గది, వారాంతంలో తెలుగు బడి, రామభజన. భజనకి వెళ్ళడానికి ఆడపిల్లకి అనుమతి అడగనక్కర్లేదు. ఇద్దరు అమ్మాయిలు ఒకే చాప మీద రెండు గంటలు పక్కపక్కన కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. మీకు ప్రేమ మొదలయ్యే చోటు కావాలంటే ఇంతకంటే మంచిది దొరకదు.

ఆమెని మ్యాగజైన్ బ్యారక్స్‌లో పుట్టించండి. డర్బన్ కార్పొరేషన్ తన ఇండియన్ పనివాళ్ళకి కట్టిన లైన్లు అవి. ఎక్కువగా తమిళ, తెలుగు కుటుంబాలుండేవి. ఇరుకు గదులు, ఉమ్మడి కుళాయిలు, గుడి, ఫుట్‌బాల్ జట్లు, అందరికీ అందరూ తెలుసు. ఏ జాతి ఏ ప్రాంతంలో ఉండాలో నిర్ణయించే 1950 నాటి గ్రూప్ ఏరియాస్ యాక్ట్ కింద 1960లలో వాళ్ళని ఊరి బయట ఇండియన్ల కోసం కట్టిన చాట్స్‌వర్త్‌కి తరలించారు. చాట్స్‌వర్త్ అంటే నంబర్లు వేసిన యూనిట్లు, గోడకి గోడ ఆనుకున్న మున్సిపల్ ఇళ్ళు, పనిచోటికి దూరాభారపు బస్సు ప్రయాణం. ఈ తరలింపు ఆమెకి తొమ్మిది పదేళ్ళ వయసులో పడుతుంది. దాని ఫలితం రెండు విధాలుగా ఉంటుంది, రెండూ రాయండి. పాత లైన్లలోని అత్తలు, పిన్నులు, బామ్మలు వేరువేరు యూనిట్లకి చెదిరిపోతారు కాబట్టి కాపలా కళ్ళు కొంత తగ్గుతాయి. అదే సమయంలో తండ్రి బస్సు ఛార్జీలు, అద్దె, కొత్త అప్పులు పెరిగి కూతురి జీతం ఇంటికి అవసరమవుతుంది. డర్బన్ బట్టల ఫ్యాక్టరీల్లోకి ఇండియన్ ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్ళింది ఈ కాలంలోనే.

ఈ జీతమే మీ కథకి ఇరుసు. జీతం తెచ్చే కూతురికి పెళ్ళి రెండు మూడేళ్ళు వాయిదా పడుతుంది, పెద్ద చదువు లేకపోయినా. "తమ్ముడి చదువు అయ్యేదాకా" అన్న మాట ఆమెకి రక్షణ. చదువు బాగా వస్తే స్టాండర్డ్ టెన్ (బడి చివరి తరగతి) ముగించి టీచరు శిక్షణకో, నర్సింగ్‌కో వెళ్తుంది. ఇండియన్ టీచర్లకి స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీ ఉంది, చాట్స్‌వర్త్‌లో ఆర్.కె. ఖాన్ ఆసుపత్రి 1969లో తెరిచారు. నా మాట వింటే నర్సుని చేయండి. రాత్రి డ్యూటీ అంటే ఇంటికి రాకపోవడానికి గౌరవమైన కారణం. నర్సుల హాస్టల్ అంటే తండ్రి అనుమతితోనే ఆడవాళ్ళ మధ్య బతకడం. టీచరు ఉద్యోగంలో ఆ వెసులుబాటు లేదు, పైగా ఊరంతా టీచరమ్మని చూస్తూనే ఉంటుంది.

పెళ్ళి గురించి ఒక సూక్ష్మం. హిందూ పద్ధతిలో గుడిలో చేసిన పెళ్ళిని రిజిస్టర్ చేయించకపోతే ప్రభుత్వం దృష్టిలో అది పెళ్ళే కాదు. మీ అమ్మాయికి బలవంతపు పెళ్ళి రాసి, తర్వాత ఆమె బయటికి వచ్చేసేలా చేయాలనుకుంటే, కోర్టులో విడాకుల సీను పెట్టేముందు ఆ పెళ్ళి రిజిస్టరైందా లేదా తేల్చుకోండి. రిజిస్టరు కాకపోతే విడాకులు అక్కర్లేదు. భరణమూ లేదు, ఆస్తిలో వాటా అడిగే దారీ లేదు.

ఇద్దరూ కలిసేది ఎలా అన్నది అన్నిటికంటే కష్టమైన ముడి. 1976లో ఇండియన్ అమ్మాయీ తెల్ల అమ్మాయీ ఒకే బడిలో చదవరు, ఒకే బీచిలో తిరగరు, ఒకే సినిమా హాల్లో కూర్చోరు. విశ్వవిద్యాలయాలని కూడా 1959 చట్టం జాతుల వారీగా విడదీసింది. ఇండియన్లకి ముందు సాలిస్‌బరీ ఐలండ్‌లో కాలేజీ, తర్వాత డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయం. నమ్మదగిన కలయికలు మూడు కనిపిస్తాయి: కార్మిక సంఘం ఆఫీసు, చర్చి సేవా కార్యక్రమం, నాటక బృందం. మొదటిదే బలమైనది. 1973 జనవరిలో డర్బన్ సమ్మెలు మొదలయ్యాయి, ఇటుకల ఫ్యాక్టరీలో రాజుకుని బట్టల మిల్లులకి పాకాయి. ఆ తర్వాత తెల్ల విద్యార్థులు కొందరు కార్మికుల పక్షాన పనిచేయడానికి వచ్చారు. అప్పటికి మీ అమ్మాయికి 18. ఫ్యాక్టరీ పిల్లగా చేస్తే ఈ దారి, నర్సుగా చేస్తే సమ్మెలో ఉన్న అక్క ద్వారా ఇదే దారి.

జొహానెస్‌బర్గ్ పారిపోయే అధ్యాయం ఉందన్నారు. ఇండియన్లు ఒక ప్రావిన్స్ నుంచి మరో ప్రావిన్స్‌కి వెళ్ళాలంటే 1975 దాకా పర్మిట్ కావాలి. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే ప్రావిన్స్‌లో నివాసం 1980ల మధ్య వరకూ కుదరలేదు. 1976లో బయల్దేరిస్తే పర్మిట్ అక్కర్లేదు, 1974లో అయితే కావాలి. రైల్లో ఇద్దరూ ఒకే పెట్టెలో కూర్చోవడం మాత్రం కుదరదు.

ఆ ఫ్లాట్ సీను గురించి. జొహానెస్‌బర్గ్‌లోని హిల్‌బ్రో తెల్లవాళ్ళ ప్రాంతం. ఒక రాత్రి అతిథిగా ఉండటం వేరు, నివసించడం వేరు. గ్రూప్ ఏరియాస్ చట్టం పట్టుకునేది నివాసాన్ని. ఇన్‌స్పెక్టర్ చూసేది అలమారాలో ఎవరి బట్టలున్నాయి, అద్దె ఎవరు కడుతున్నారు, ఉత్తరాలు ఎవరి పేరున వస్తున్నాయి అనే. వాచ్‌మన్‌తోనో, పక్క ఫ్లాట్ వాళ్ళ ఫిర్యాదుతోనో మొదలవుతుంది. దీనికి తప్పించుకునే పద్ధతి ఒకటి అప్పట్లో బాగా వాడుకలో ఉండేది. తెల్ల మనిషి పేరు మీద అద్దె ఒప్పందం రాయించుకుని, లోపల మరొకరు ఉండేవాళ్ళు. మీ జంటకి ఇది సహజంగానే అమరుతుంది. సంతకం తెల్ల అమ్మాయిది, ఇల్లు ఇద్దరిదీ. కానీ ఈ ఏర్పాటులోని విషం కూడా చూపించండి. గొడవపడిన రాత్రి బయటికి పోవాల్సింది ఎప్పుడూ ఒక్కతే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ప్రేమలోకి ప్రభుత్వం ఇలా వస్తుంది. పోలీసు బూటు చప్పుడు కంటే ఈ అసమానతే నవలకి ఎక్కువ పనికొస్తుంది.

1982 తర్వాత పరిస్థితి మారింది. గ్లాడిస్ గోవెందర్ అనే ఇండియన్ మహిళ కేసులో, ఈ చట్టం కింద దోషిగా తేలినంత మాత్రాన వెంటనే ఖాళీ చేయించకూడదని, ఆమెకి వేరే నివాసం దొరుకుతుందా అన్నది కూడా చూడాలని జడ్జి రిచర్డ్ గోల్డ్‌స్టోన్ తీర్పిచ్చారు. ఆ తర్వాత ఖాళీ చేయింపులు బాగా తగ్గి, హిల్‌బ్రో జాతులు కలిసి బతికే చోటుగా మారింది. మీ కథ కాలాన్ని 1976 నుంచి 1983కి జరపగలిగితే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. ఆమె వయసు 28 అవుతుంది, ఆ వయసుకి పెళ్ళి ఒత్తిడి కూడా పరాకాష్ఠకి చేరుతుంది. నేనైతే అదే చేస్తాను.

సంఘాల విషయంలో తేదీలు జాగ్రత్త. గే అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా 1982లో వచ్చింది. సభ్యుల్లో ఎక్కువమంది తెల్ల మగవాళ్ళు, రాజకీయం మాకొద్దన్నవాళ్ళు. ఆ సంఘంలోనే పనిచేసిన నల్లజాతి యువకుడు సైమన్ ఎన్‌కోలీని 1984లో అరెస్టు చేసి డెల్మాస్ రాజద్రోహం కేసులో పెట్టినప్పుడు సంఘం అతని పక్షాన నిలబడలేదు. ఎన్‌కోలీ విడుదలయ్యాక 1988లో గ్లో అనే గే, లెస్బియన్ సంఘం టౌన్‌షిప్‌లలోకి వెళ్ళింది. 1990 అక్టోబరు 13న జొహానెస్‌బర్గ్‌లో మొదటి ప్రైడ్ ఊరేగింపు జరిగింది, కొందరు ముఖాలకి కాగితం సంచులు తొడుక్కుని నడిచారు. జొహానెస్‌బర్గ్ పక్కనున్న సొవెటో టౌన్‌షిప్‌లో పెరిగిన బెవర్లీ డిట్సీ ఆ తరం నల్లజాతి లెస్బియన్లలో ముందు నిలిచిన మనిషి. 1995లో బీజింగ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మహిళా సదస్సులో లెస్బియన్ల హక్కుల గురించి మాట్లాడారు. 1970ల పాత్ర నోట "ప్రైడ్", "కమ్యూనిటీ", "బయటికి రావడం" లాంటి మాటలు పెట్టకండి. ఆ రోజుల్లో మీ అమ్మాయి తనని తాను ఏ పేరుతోనూ పిలుచుకోకపోవచ్చు. "నాకు పెళ్ళి ఇష్టం లేదు" అన్నదే ఆమె చెప్పగలిగిన అతి పెద్ద వాక్యం.

ఇలాంటి రచనల్లో తరచూ కనిపించే మరో రెండు పొరపాట్లు ఉన్నాయి. లింపోపోలోని లోవెడు ప్రజల వాన రాణులకి భార్యలుండేవారు కాబట్టి ఆఫ్రికా సంప్రదాయం లెస్బియన్లని ఒప్పుకుందని రాసేస్తారు. ఆ భార్యలు రాజకీయ బంధుత్వానికి, వంశానికి సంబంధించిన ఏర్పాటు. దాన్ని ప్రేమకి సాక్ష్యంగా చూపితే నిలవదు. రెండోది మనకి మరీ దగ్గరిది, చెప్పక తప్పదు. ఇండియన్ కుటుంబాన్ని బాధితులుగా మాత్రమే చూపడం. ఇండియన్లు పాసులు మోయలేదు, 72 గంటల గడువు వాళ్ళకి లేదు. కాస్త కలిగిన ఇండియన్ ఇళ్ళలో ఆఫ్రికన్ పనిమనిషి ఉండేది. 1949లో డర్బన్‌లో ఆఫ్రికన్లకీ ఇండియన్లకీ మధ్య జరిగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు, ఆ భయం, ఆ కోపం రెండు వైపులా పిల్లలకి అందాయి. మీ అమ్మాయి ప్రేమించింది తెల్ల అమ్మాయిని కాక డర్బన్ పక్కనున్న ఆఫ్రికన్ టౌన్‌షిప్ ఉమ్లాజీ నుంచి వచ్చే ఆఫ్రికన్ నర్సుని అయితే చాట్స్‌వర్త్ ఇంట్లో ఏం జరిగేది? ఈ ప్రశ్న ఒక్కసారి వేసుకోండి. ఆ ఇంటి గడప దగ్గర జాతి ఎంత గట్టిగా నిలబడి ఉందో అప్పుడు కనిపిస్తుంది.

1996 రాజ్యాంగం లైంగికతని బట్టి వివక్ష చూపకూడదని 9వ సెక్షన్‌లో రాసింది, 2006 నవంబరు 30న పెళ్ళి హక్కు వచ్చింది. అదే 2006 ఫిబ్రవరిలో కేప్ టౌన్ పక్కనున్న ఖయెలిత్షా టౌన్‌షిప్‌లో జోలీస్వా ఎన్‌కోన్యానా అనే 19 ఏళ్ళ అమ్మాయిని లెస్బియన్ అయినందుకు చంపారు. ఆ కేసులో శిక్షలు పడటానికి 2012 వచ్చింది. ముగింపులో రాజ్యాంగాన్ని వెలుగులా పెట్టాలనుకుంటే ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి.

డర్బన్ వెళ్ళి పెద్దవాళ్ళని కలుస్తానన్నారు, మంచిది. "మీకు ఎప్పుడు తెలిసింది" అని మొదలుపెట్టకండి. దానికి అందరూ నేర్చుకున్న జవాబే చెప్తారు. ఆ ఇంట్లో ఎన్ని గదులు, ఎవరు ఎవరి పక్కన పడుకునేవారు, జీతం కవరు ఎవరి చేతిలో పెట్టేవారు, అద్దె చీటీ మీద ఎవరి పేరు, ఆఖరి బస్సు ఎన్నింటికి, ఆ బస్సు తప్పితే ఎక్కడ ఉండేవారు అని అడగండి. కథంతా ఆ జవాబుల్లోంచే వస్తుంది. రెండో రోజు మళ్ళీ వెళ్ళండి. మొదటి రోజు "స్నేహితురాలు" అన్న మనిషి పేరు రెండో రోజు దొరుకుతుంది. ఇంట్లో కోడలో మనవడో ఉన్నప్పుడు అడగకండి. జొహానెస్‌బర్గ్‌లో విట్స్ విశ్వవిద్యాలయంలో గాలా అనే క్వీర్ ఆర్కైవ్ 1997 నుంచి ఉంది. సైమన్ ఎన్‌కోలీ కాగితాలూ, మౌఖిక చరిత్రలూ అక్కడ చూడొచ్చు. ముందుగా రాసి సమయం తీసుకోండి.

మీతో మాట్లాడినవాళ్ళ పేర్లు మారిస్తే సరిపోతుందనుకోవద్దు. చాట్స్‌వర్త్‌లో యూనిట్ నంబరు, తండ్రి కార్పొరేషన్‌లో చేసిన పని, గుడి పేరు, ఈ మూడూ కలిస్తే ఆ మనిషి ఎవరో మొత్తం యూనిట్ చెప్పేస్తుంది. ఈ మూడింట్లో కనీసం రెండు మార్చండి, అచ్చుకి ముందు ఆ పేజీలు ఆమెకి చదివి వినిపించండి.